నడుము దగ్గర నరాలు నొక్కుకున్నవాళ్లు కొండకు నడిచే ముందు

పెరటాసి నెల, బ్రహ్మోత్సవాలు దగ్గర పడ్డాయంటే తిరుపతి, చిత్తూరు వైపు ఇళ్లలో కొండకు నడిచిపోయే మాటలు మొదలవుతాయి. ఇంట్లో అరవై దాటిన అమ్మో నాయనో "కొంచెం దూరం నడిస్తే కాళ్లు లాగుతున్నాయి, కూర్చుంటే తగ్గిపోతోంది" అంటుంటే దాన్ని వయసు నొప్పి అని వదిలేయకండి. స్పైనల్ స్టెనోసిస్ కావచ్చు.

వెన్నెముక లోపల నరాలు పోయే దారి నడుము దగ్గర ఇరుకైపోవడమే ఈ జబ్బు. వయసుతో వెన్నుపూసల మధ్య మెత్తల్లాంటి డిస్కులు ఉబ్బుతాయి, కీళ్లు అరిగి ఎముక పెరుగుతుంది, ఎముకలను పట్టి ఉంచే లోపలి లిగమెంట్ మందమవుతుంది. నిటారుగా నిలబడితే ఆ దారి ఇంకా ఇరుకవుతుంది, ముందుకు వంగినా కూర్చున్నా కాస్త తెరుచుకుంటుంది. కాళ్ల రక్తనాళాలు మూసుకుపోయినా నడిస్తే పిక్కలు పట్టేస్తాయి గానీ, ఆ నొప్పి ఊరికే నిలబడితే తగ్గుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు రెండూ ఉండొచ్చు. అందుకే నడక సంగతి తేల్చుకునే ముందు డాక్టరుకు ఒకసారి చూపించాలి.

అలిపిరి దారిలో 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు దారిలో 2,388. అందరూ ఎక్కడానికే భయపడతారు. ఎక్కేటప్పుడు ఒళ్లు ముందుకు వంగుతుంది కాబట్టి ఈ జబ్బు ఉన్నవాళ్లకు నడుము కొంత ఓర్చుకుంటుంది. దిగేటప్పుడు నడుము వెనక్కి వంగి నరాల మీద ఒత్తిడి పెరుగుతుంది. డాక్టరు నడవమన్నా సరే, దిగడానికి మాత్రం బస్సే ఎక్కండి.

నా లెక్కలో మెట్ల కంటే క్యూ లైనే కష్టం. గంటల తరబడి నిలబడటం ఈ నడుముకు అస్సలు పడదు. కంపార్ట్‌మెంట్‌లో చోటు దొరికితే మొహమాటపడకుండా కూర్చోండి. నిలబడక తప్పకపోతే కమ్మీ పట్టుకుని ముందుకు వంగండి. పెద్దవయసు వాళ్ల ప్రత్యేక దర్శనం దొరుకుతుందేమో ముందే చూసుకోండి. అంగప్రదక్షిణ మొక్కు ఉంటే డాక్టరును అడగకుండా చేయొద్దు.

కొన్ని వారాల ముందు నుంచే కాళ్లు లాగేదాకా నడిచి, కూర్చుని, మళ్లీ నడవడం అలవాటు చేసుకోండి. మోకాళ్లు ఛాతీకి దగ్గరగా తెచ్చుకునే వ్యాయామం, కదలని సైకిల్ తొక్కడం మేలు చేస్తాయి, ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకోండి. నడుమును వెనక్కి వంచే ఆసనాలు వద్దు. బరువైన సంచి భుజాన వేసుకోకండి.

మెట్లెక్కడం కోసమని నొప్పి మాత్రలు వరసగా మింగితే కిడ్నీలు, కడుపు దెబ్బతింటాయి, బీపీ పెరుగుతుంది. నరాల నొప్పికి ఇచ్చే గాబాపెంటిన్ లాంటి మందులతో కళ్లు తిరగొచ్చు, మెట్ల మీద అది ప్రమాదం. వెన్నులో ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో ఉపశమనం కొన్నాళ్లే, షుగర్ కూడా కొన్ని రోజులు పెరుగుతుంది. నడవగలిగే దూరం తగ్గిపోతూ, కాళ్లలో బలం పోతుంటే నరాల ఒత్తిడి తీసే ఆపరేషన్ గురించి అడగాలి. దానితో నడుము నొప్పి కంటే కాళ్ల నొప్పి బాగా తగ్గుతుంది.

ఎక్కడున్నా సరే, మూత్రం ఆగిపోయినా, మలమూత్రాలు తెలియకుండా పోయినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవకపోయినా పొద్దున చూద్దాంలే అనుకోకండి. కొండ మీదుంటే వెంటనే కిందికి దించి తిరుపతిలోని స్విమ్స్ ఆసుపత్రికో, రుయా ఆసుపత్రికో ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ఆలస్యమైతే ఆ నరాలు మళ్లీ కోలుకోకపోవచ్చు.