ఫుట్‌బాల్ ఆటగాడు క్లబ్బుతో కాంట్రాక్టు మాట్లాడుకోవడం ఎలా

క్లబ్బుతో కొత్త కాంట్రాక్టు మాట్లాడటానికి కూర్చునే ఆటగాడు ముందుగా చూసుకోవలసింది పాత కాంట్రాక్టు ఏ తేదీతో ముగుస్తుందన్న సంగతి. జీతం ఎంత అడగాలన్నది దాని తరువాతి ప్రశ్న. మూడేళ్ల గడువు మిగిలి ఉన్నవాడు అడిగే పెంపుకూ, పదిహేను నెలలే మిగిలినవాడు అడిగే పెంపుకూ క్లబ్బు ఒకే జవాబు ఇవ్వదు. బెల్జియం ఆటగాడు జాన్-మార్క్ బోస్మన్ కేసులో 1995 డిసెంబరు 15న యూరోపియన్ న్యాయస్థానం ఇచ్చిన తీర్పుతో, గడువు తీరిన ఆటగాడు ఐరోపా సమాఖ్యలోని మరో దేశపు క్లబ్బుకు వెళ్తుంటే పాత క్లబ్బు ట్రాన్స్‌ఫర్ ఫీజు (ఆటగాణ్ణి వదిలినందుకు కొత్త క్లబ్బు కట్టే సొమ్ము) అడిగే వీలు పోయింది. ఫిఫా నిబంధనల ప్రకారం కాంట్రాక్టు చివరి ఆరు నెలల్లోకి వచ్చిన ఆటగాడు మరో క్లబ్బుతో ఒప్పందం కుదుర్చుకోవచ్చు. అయితే ఆ క్లబ్బు చర్చలకు దిగేముందు ప్రస్తుత క్లబ్బుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. దేశం లోపలి బదిలీలకు ఇంగ్లండు వంటి చోట్ల ఇంతకన్నా గట్టి నియమాలున్నాయి కనుక స్థానిక లీగు నిబంధనావళిని కూడా చదువుకోవాలి.

గడువుకు ఏడాదిన్నర ముందు చర్చ మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. అప్పటికి ఆటగాణ్ణి ఉచితంగా పోగొట్టుకుంటామేమోనన్న బెంగ క్లబ్బుకు మొదలవుతుంది, ఆటగాడి చేతిలో ఇంకా జీతం వచ్చే నెలలు మిగిలి ఉంటాయి. చివరి నెల వరకు బిగించుకు కూర్చుంటే బేరం ఇంకా పెరగవచ్చు గానీ, మోకాలికి ఒక్క గాయమైతే లెక్కంతా తలకిందులవుతుంది.

గదిలోకి వెళ్లేముందు చేతిలో కాగితాలుండాలి. 2021లో కెవిన్ డి బ్రూయ్నా మాంచెస్టర్ సిటీతో 2025 వరకు కాంట్రాక్టు పొడిగించుకున్నప్పుడు, ఏజెంటు లేకుండా, తన ఆట జట్టుకు ఎంత విలువ చేకూరుస్తోందో గణాంక నిపుణులతో విశ్లేషణ చేయించుకుని చర్చలకు వెళ్లాడు. అంత ఖర్చు పెట్టలేనివారు కూడా గత రెండు సీజన్లలో ఆడిన నిమిషాలు, గాయాల వల్ల తప్పిన వారాలు, అదే స్థానంలో అదే వయసున్న ఆటగాళ్ల లెక్కలు ఒక పేజీలో రాసుకోవచ్చు. నా దృష్టిలో అన్నిటికన్నా బలమైన వాదన మరొకటి ఉంది: మీ స్థానంలో ఇంకొకరిని తెచ్చుకోవాలంటే ట్రాన్స్‌ఫర్ ఫీజు, జీతం, ఏజెంటు రుసుము కలిపి క్లబ్బుకు ఎంతవుతుందో చూపించడం.

డబ్బు విషయంలో ఏ అంకె వినిపించినా అది పన్నుకు ముందుదా, తరువాతదా అని వెంటనే అడగండి. ఇంగ్లండులో వారానికి, పన్నుకు ముందు లెక్క చెబుతారు. ఇటలీలో ఏడాదికి, పన్ను పోగా చేతికొచ్చేది చెప్పడం వాడుక. ఇక బోనస్‌ల దగ్గరికి వస్తే, అసలు పేచీలన్నీ అక్కడే పుడతాయి. సీజన్‌లో 25 మ్యాచ్‌లు ఆడితే ఇంత మొత్తం అని క్లాజులో ఉందనుకుందాం. 88వ నిమిషంలో సబ్‌స్టిట్యూట్‌గా దిగితే అది ఆడినట్టేనా? కప్ మ్యాచ్‌లు లెక్కలోకి వస్తాయా? శిక్షణలో దెబ్బ తగిలి రెండు నెలలు బయట కూర్చుంటే ఎలా? ఇవేవీ రాసి లేకపోతే, 24 మ్యాచ్‌లు ఆడిన ఆటగాడు ఏప్రిల్ నెలంతా బెంచీ మీద కూర్చుని, ఆ నిర్ణయం కోచ్‌దా, ఖాతాల విభాగానిదా అని ఆలోచిస్తూ ఉంటాడు. మొత్తాన్ని 10, 15, 20, 25 మ్యాచ్‌ల దగ్గర విడివిడిగా పంచమని అడిగితే ఈ అనుమానం చాలావరకు తీరుతుంది.

గడువు ఎంత పెట్టుకోవాలన్నది ఇంతకన్నా జాగ్రత్తగా ఆలోచించవలసిన సంగతి. ఫిఫా లెక్కలో గరిష్ఠం ఐదేళ్లు, పద్దెనిమిదేళ్లు నిండనివారికి మూడేళ్లు. దేశ చట్టం ఒప్పుకుంటే పెద్దవారికి అంతకన్నా ఎక్కువ కాలమూ రాసుకోవచ్చు. పొడవైన గడువు గాయపడినవాడికి అండ, వేగంగా ఎదుగుతున్నవాడికి సంకెల. మరో ఏడాది పొడిగించుకునే హక్కు క్లబ్బు ఒక్కదానికే ఇచ్చే షరతు చాలా ముసాయిదాల్లో కనబడుతుంది. దాన్ని తీసేయించలేకపోతే, పొడిగించిన ఏడాదికి జీతం ఎంత పెరగాలో, ఏ తేదీలోగా క్లబ్బు తన నిర్ణయం చెప్పాలో అందులోనే రాయించండి.

బయటికి వెళ్లే దారికి కూడా తేదీయే ప్రాణం. 2020 ఆగస్టు 25న మెస్సీ ఫీజు లేకుండా బార్సిలోనాను వదిలి వెళ్తానని బ్యూరోఫ్యాక్స్ (స్పెయిన్‌లో చట్టపరమైన రుజువుగా పనికొచ్చే తపాలా సందేశం) ద్వారా తెలియజేశాడు. సీజన్ ముగిసినప్పుడు వెళ్లవచ్చన్న క్లాజు ఉన్నమాట నిజమే గానీ, దాన్ని వాడుకునే గడువు జూన్ 10తోనే తీరిందని క్లబ్బు వాదించింది. మహమ్మారి వల్ల ఆ ఏడాది సీజన్ ఆగస్టు దాకా సాగిందన్నది ఆటగాడి పక్షం వాదన. 700 మిలియన్ యూరోల రిలీజ్ క్లాజు (అంత సొమ్ము కడితే ఆటగాడు వెళ్లిపోవచ్చన్న షరతు) చెల్లుతుందని స్పెయిన్ లీగు క్లబ్బు పక్షానే నిలిచింది, కోర్టుకెక్కడం ఇష్టం లేక మెస్సీ ఆ సీజన్‌కు ఉండిపోయాడు. క్యాలెండరు తేదీకి బదులు ‘జట్టు చివరి అధికారిక మ్యాచ్ ముగిసిన తరువాత ఇన్ని రోజుల్లోగా’ అని రాసుకుని ఉంటే ఆ వాదనకు చోటే ఉండేది కాదు. రిలీజ్ క్లాజులో మొత్తంతో పాటు, అంత సొమ్ము ఇస్తామన్న క్లబ్బు వచ్చినప్పుడు మీ క్లబ్బు కచ్చితంగా ఏం చేయాలో కూడా ఉండాలి. 2013లో లివర్‌పూల్ ఆటగాడు సువారెజ్ కాంట్రాక్టులో నాలుగు కోట్ల పౌండ్ల క్లాజు ఉందని నమ్మి ఆర్సెనల్ దాని మీద ఒక్క పౌండు అదనంగా ఇస్తామన్నా లివర్‌పూల్ అతణ్ణి వదల్లేదు.

ఏజెంటును పెట్టుకుంటే ఫిఫా లైసెన్సు ఉందో లేదో చూడండి. అతనితో ఒప్పందం రెండేళ్లకు మించకూడదు. అవతలి క్లబ్బు నుంచి కూడా రుసుము తీసుకుంటున్నాడా అన్నది మొహమాటం లేకుండా, రాతపూర్వకంగా అడగాలి. చివరి ముసాయిదాను మాత్రం ఏజెంటుతో సంబంధం లేని న్యాయవాది చదవాలి. మహిళా ఆటగాళ్లు ప్రసూతి షరతులు ముసాయిదాలో ఎలా ఉన్నాయో చూసుకోవాలి: 2021 జనవరి నుంచి ఫిఫా నిబంధనల్లో కనీసం 14 వారాల సెలవు, ఆ కాలానికి జీతంలో కనీసం మూడింట రెండు వంతులు ఉన్నాయి.

సంతకానికి ముందే వైద్య పరీక్షలు పూర్తి కావాలి, ఎందుకంటే అవి నెగ్గితేనే కాంట్రాక్టు చెల్లుతుందన్న షరతును ఫిఫా ఒప్పుకోదు. కాంట్రాక్టు రెండు భాషల్లో ఉంటే తేడా వచ్చినప్పుడు ఏ ప్రతి చెల్లుతుందో అందులోనే ఉండాలి. మీకిష్టమైన స్థానంలోనే ఆడిస్తానని కోచ్ ఇచ్చిన మాటను లెక్కలో వేసుకోకండి. ఆయన డిసెంబరు దాకా ఉంటాడో లేదో ఆయనకే తెలియదు.

జీతం రాని నెల వస్తే, ఆ రోజు నుంచే బ్యాంకు స్టేట్‌మెంట్లు దాచుకోండి. రెండు నెలల జీతం అన్యాయంగా ఆపినప్పుడు, చెల్లించడానికి కనీసం 15 రోజుల గడువిస్తూ క్లబ్బుకు రాతపూర్వక నోటీసు పంపాలి. అప్పటికీ చెల్లించకపోతే తగిన కారణంతో కాంట్రాక్టు రద్దు చేసుకునే హక్కు ఆటగాడికి వస్తుంది. విదేశీ క్లబ్బుతో వచ్చిన వివాదాన్ని ఫిఫా ట్రైబ్యునల్‌కు తీసుకువెళ్లాలంటే, అది తలెత్తిన రోజు నుంచి రెండేళ్లు దాటకముందే ఫిర్యాదు అక్కడికి చేరాలి.