గిటార్ల కింద బేస్ నలిగిపోకుండా

మెటల్ బ్యాండ్ మెటాలికా 1988 ఆల్బమ్ 'అండ్ జస్టిస్ ఫర్ ఆల్' పెట్టుకుని జేసన్ న్యూస్టెడ్ బేస్ గిటార్ కోసం చెవులు రిక్కించండి. దాదాపు వినిపించదు, ట్రాక్‌లన్నీ కలిపే మిక్సింగ్‌లో అణిగిపోయింది. ఎప్పుడు విన్నా నాకు బాధే. ప్రొడ్యూసర్ బాబ్ రాక్ చేయి పడ్డ 1991 ఆల్బమ్‌లో న్యూస్టెడ్ బేసే గుండెకు తగులుతుంది.

మిక్స్ చేసేటప్పుడు నేను డ్రమ్స్, బేస్ కుదిరాకే గిటార్లు తెరుస్తాను. రిఫ్‌ను (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరసను) రెండుసార్లు విడిగా వాయించి ఒకటి ఎడమకు, ఒకటి కుడికి పంపండి. కాపీ చేస్తే వెడల్పు రాదు. గిటార్లలో 80 హెర్ట్జ్ కింది లోతైన ధ్వనిని కోసేయండి, ఆ చోటు బేస్‌ది. బేస్ ట్రాక్‌ను రెండు చేసి ఒకదానికే డిస్టార్షన్ ఇవ్వండి. ఆ గరగర ఉంటేనే ఫోను స్పీకర్‌లోనూ బేస్ తెలుస్తుంది.

గిటార్ గెయిన్ (డిస్టార్షన్ మోతాదు) మాత్రం తప్పకుండా తగ్గించండి. విడిగా వింటే పలచగా ఉంటుంది, భయపడకండి. బేస్ కలిపి వినండి.