స్టాండ్‌బై టికెట్‌తో ప్రయాణం ఎలా చేయాలి?

ఎయిర్‌లైన్స్ ఉద్యోగులకు, వాళ్ల ఇంట్లోవాళ్లకు విమానం టికెట్ చాలా చవగ్గా వస్తుందని అందరికీ తెలుసు. ఆ టికెట్‌కు సీటు గ్యారంటీ లేదన్న సంగతి మాత్రం గేటు దగ్గర నిలబడ్డాకే చాలామందికి తెలిసొస్తుంది. పూర్తి ధర పెట్టి కొనుక్కున్నవాళ్లంతా ఎక్కాక సీటు మిగిలితేనే మనకు, స్టాండ్‌బై అంటే ఇదే. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు అడిగినప్పుడల్లా నేను ఈ వరుసలోనే చెబుతాను.

1. ముందు తిరుగు ప్రయాణం చూడండి

వెళ్లేటప్పుడు సీటు దొరక్కపోతే ఇంటికి తిరిగి వచ్చేస్తాం. వచ్చేటప్పుడు దొరక్కపోతే ఊరుకాని ఊళ్లో చిక్కుకుపోతాం, తెల్లారితే డ్యూటీ. అందుకే సెలవు చివర్లో కనీసం ఒక రోజు ఖాళీగా పెట్టుకోండి. రోజుకు ఒకే విమానం నడిచే ఊరైతే రెండు రోజులు. శుక్రవారం, ఆదివారం సాయంత్రాలు, పండగ సెలవులకు ముందూ వెనకా రోజులు వదిలేయండి. మంగళ, బుధవారాలు కాస్త నయం. తెల్లవారుజామున బయల్దేరే మొదటి విమానానికి ప్రయత్నించండి. అది తప్పినా ఆ రోజు మిగతా విమానాలు చేతిలో ఉంటాయి.

2. లోడ్ చదవడం నేర్చుకోండి

లోడ్ అంటే విమానంలో ఎన్ని సీట్లు అమ్ముడయ్యాయి, ఎన్ని మిగిలాయి, స్టాండ్‌బైలో ఎంతమంది ఉన్నారు అన్న లెక్క. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. 180 సీట్ల విమానంలో 168 అమ్ముడయ్యాయనుకోండి. మిగిలినవి 12, స్టాండ్‌బై జాబితాలో 9 మంది. తొమ్మిదో పేరు మనదైనా ఎక్కేస్తామనిపిస్తుంది. కానీ అంతకుముందు విమానం రద్దయితే దాని ప్రయాణికుల్ని ఈ 12 సీట్లలోకే సర్దుతారు, వాళ్లు మనకంటే ముందు. ఎండ మండిపోతున్న రోజు గాలి పలచబడుతుంది, అదే బరువుతో విమానం లేవడం కష్టమవుతుంది. ఎదురుగాలి గట్టిగా ఉంటే ఇంధనం ఎక్కువ నింపాలి. అలాంటప్పుడు సీట్లు కళ్లెదుట ఖాళీగా కనిపిస్తున్నా బరువు లెక్క కుదరక ఎవరినీ ఎక్కించకపోవచ్చు. ఒక్కోసారి కనెక్షన్ ఆలస్యమై పదిమంది రాకపోతే, ఆశ వదులుకున్న విమానంలోనే చోటు దొరుకుతుంది.

జాబితాలో మీది ఎన్నో పేరన్నదీ ముఖ్యమే. కొన్ని సంస్థలు ఉద్యోగంలో చేరిన తేదీని బట్టి, కొన్ని చెకిన్ చేసిన వేళను బట్టి వరుస పెడతాయి. మరో సంస్థ విమానంలో వెళ్లేటప్పుడు మామూలుగా వాళ్ల సొంత ఉద్యోగుల తర్వాతే మన వంతు. ఓపెన్ సీట్లు, అంటే అమ్ముడుకాకుండా మిగిలినవి, జాబితాలోని పేర్లకు రెట్టింపు ఉంటేనే నేను బయల్దేరతాను. ముందు రోజు రాత్రి ఒకసారి, ఇల్లు కదిలే ముందు ఇంకోసారి చూసుకుంటాను.

ఒక్కసారి మాత్రం ఉదయం చూడలేదు. మా అమ్మాయి కాన్వొకేషన్‌కు వెళ్లాలి. రాత్రి చూస్తే 14 ఓపెన్, జాబితాలో 5 పేర్లు. నిశ్చింతగా పడుకున్నాను. ఉదయం అంతకుముందు విమానంలో ఏదో లోపం వచ్చి దాని ప్రయాణికులంతా మా గేటు ముందుకు వచ్చేశారు. స్క్రీన్ మీద మూడో పేరు నాది. మొదటి పేరు పిలిచారు, తలుపు మూసేశారు. గాజు అద్దంలోంచి విమానం వెనక్కి కదలడం చూస్తూ నిలబడ్డాను. ఆ రోజు పట్టా అందుకున్న అమ్మాయిని ఫోన్‌లోనే చూశాను. ఇప్పటికీ అది తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. తేదీ మారని పని ఏదైనా సరే, పెళ్లి గానీ, పరీక్ష గానీ, వీసా ఇంటర్వ్యూ గానీ, పూర్తి ధర పెట్టి టికెట్ కొనుక్కోండి.

3. పేరు నమోదు, సామాను

ఎక్కాలనుకున్న విమానం స్టాండ్‌బై జాబితాలో ముందే పేరు నమోదు చేసుకోండి. వేరే సంస్థ విమానమైతే ఎయిర్‌లైన్స్ ఉద్యోగులకిచ్చే, దూరాన్ని బట్టి ధర ఉండే జెడ్ (ZED) రాయితీ టికెట్ తీసుకోవాలి. వెళ్లడం లేదంటే పేరు తీసేయండి. విదేశానికైతే వీసాలో నాలుగైదు రోజుల గడువు అదనంగా ఉండాలి, దారి మళ్లి వెళ్లాల్సి వస్తే ఆ దేశానికి ట్రాన్సిట్ వీసా కావాలేమో చూసుకోండి. సామాను చేతిసంచికి మించకూడదు. రెండు పూటల మందులు, ఒక జత బట్టలు, ఛార్జర్ అందులోనే పెట్టుకోండి.

4. గేటు దగ్గర

గేటు సిబ్బందికి కనిపించే చోట కూర్చోండి. చాలాసార్లు పేర్లు ఆఖరి నిమిషాల్లోనే పిలుస్తారు. అప్పుడు టీ కోసం వెళ్లారంటే సీటు వెనకవాళ్లకు పోతుంది. పదేపదే వెళ్లి అడక్కండి, ఆ సమయంలో వాళ్లకు ఊపిరాడదు. దొరక్కపోయినా గొంతు పెంచకండి, ఫిర్యాదు వెళ్తే ప్రయాణ సౌకర్యమే రద్దు కావచ్చు.

5. సీటు దొరక్కపోతే

వెంటనే, మీ పేరు తర్వాతి విమానం జాబితాలోకి మారిందో లేదో అడగండి. కొన్నిచోట్ల దానంతటదే మారుతుంది, కొన్నిచోట్ల మనమే చేసుకోవాలి. అదీ నిండిపోయి ఉంటే, రోజుకు ఎక్కువ విమానాలు నడిచే మరో ఊరి మీదుగా దారి వెతకండి. ఒక రాత్రి హోటలుకు సరిపడా డబ్బు విడిగా ఉంచుకోండి.

కుటుంబంతో వెళ్తుంటే ఇంకో మాట ఇంట్లోనే తేల్చుకోండి. మీరు నలుగురు, సీట్లు రెండే అంటే ఎవరు ఎక్కాలి, పిల్లలు ఎవరి వెంట ఉండాలి, పాస్‌పోర్టులు, ఇంటి తాళాలు ఎవరి దగ్గర ఉండాలి? తలుపు మూసే ముందు గేటు సిబ్బంది మీకిచ్చేది అర నిమిషం.