మా గ్రే చిలుకకు ఆయాసం తగ్గిన తీరు

పర్లాకిమిడిలో మా ఇంటికి ఈ ఆఫ్రికన్ గ్రే చిలుక పెద్ద వయసులోనే వచ్చింది, పొద్దుతిరుగుడు గింజల అలవాటుతో సహా. కిటికీ దాకా ఎగిరితే చాలు, నోరు తెరిచి రొప్పేది. కొమ్మ మీద కాలి పట్టు జారిపోయేది. చాలా టెన్షన్ పడ్డాం. బరంపురంలో పశువైద్యుడు ఎక్స్‌రే, రక్తపరీక్ష చూసి రక్తనాళాలు గట్టిపడుతున్నాయని అనుమానించారు. గ్రే, అమెజాన్ చిలుకల్లో, అందులోనూ ఆడవాటిలో ఇది ఎక్కువట. వయసు, జాతి మన చేతిలో లేవు. గింజల్లాంటి కొవ్వు తిండి, కదలిక లేకపోవడం మన చేతిలోవే.

గింజలు ఒక్కసారిగా మాన్పిస్తే పస్తుంటుంది. అందుకే రోజూ చిలుక తూకం చూస్తూ కొద్దికొద్దిగా పెల్లెట్లు (చిలుకల కోసం తయారుచేసే గుళికల తిండి) కలిపాను. మునగాకు, క్యారెట్ తురుము మొదట్లో విసిరికొట్టేది, తర్వాత ఆ గిన్నె కోసమే అరిచేది. డాక్టరు సరే అన్నాక గిన్నెలు గదికి చెరో మూల పెట్టి నడిపించాను. ఇప్పుడు రొప్పు బాగా తగ్గింది. గుండె మందు మాత్రం నడుస్తోంది.