సీడీ64 నిజంగా పెరిగిందా, పెరిగినట్టు కనిపించిందా?

ఇంటర్‌ఫెరాన్ గామా (కణాలకు కబురందించే ఒక సైటోకైన్ ప్రొటీన్) తగిలితే మోనోసైట్ అనే తెల్ల రక్తకణం పైన సీడీ64 అనే రిసెప్టర్ పెరుగుతుంది. పాఠంలో ఇది ఒక్క వాక్యం. దాన్ని ట్యూబులో చూడబోయి నేను రెండు వారాలు పోగొట్టుకున్నాను. ఏడు రిసెప్టర్లను కొలవడానికి ఏడు రంగు యాంటీబాడీలు పెడితే ఏడింటి వెలుగూ పెరిగింది. తెగ సంబరపడ్డాను. తీరా చూస్తే, దేనికీ అంటుకోకూడని ఐసోటైప్ కంట్రోల్ యాంటీబాడీ కూడా వాటితోపాటే పైకి పోయింది.

ఆలోచిస్తే సిగ్గేసింది. ఐజీజీ అనే రకం యాంటీబాడీల తోకను పట్టుకోవడమే సీడీ64 పని. ఎలుక ఐజీజీ2ఏ అన్నా దానికి గట్టి పట్టే. నా యాంటీబాడీల్లో చాలావరకు ఆ రకమే. అంటే నేను కొలిచింది చాలావరకు ఏడు రిసెప్టర్లను కాదు, ఒకే రిసెప్టర్‌ను పదేపదే. అందుకే రంగు యాంటీబాడీ వేసే ముందు మనిషి ఐజీజీ ధారాళంగా పోసి పది నిమిషాలు ఆగండి. ఇక సీడీ64ని కొలిచే యాంటీబాడీ ఐజీజీ కూర్చునే చోట కాకుండా దాని పక్కన అంటుకునేదై ఉండాలి. లేకపోతే మీరు బ్లాక్‌గా పోసిన ఐజీజీయే దానికి అడ్డం పడుతుంది.

ఇప్పుడు మొదటి నుంచి చెబుతాను. సమ్మతి ఇచ్చిన దాత రక్తం హెపారిన్‌లో తీసుకుని, పలుచన చేసి, 1.077 సాంద్రత ఉన్న ద్రావణం మీద మెల్లగా పేర్చండి. 400 జీ, 30 నిమిషాలు, బ్రేక్ ఆపేసి. మధ్యలో పాలమీగడలా కనిపించే పొరే మనకు కావలసింది. కడిగి, మిల్లీలీటరుకు పది లక్షల కణాలు ఉండేలా కలుపుకుని, సైటోకైన్ మిల్లీలీటరుకు 10 నానోగ్రాములు వేసి 24 గంటలు ఇంక్యుబేటర్‌లో ఉంచండి. పక్కన ఇంకో ట్యూబుకు సైటోకైన్ కరిగించిన బఫర్ మాత్రమే వేయాలి. ఉత్త మీడియం పెట్టి అదే కంట్రోల్ అనుకుంటే కుదరదు.

మూడో ట్యూబు ఒకటి నేనెప్పుడూ వదలను. అందులో వేసేది మరిగించిన సైటోకైన్. మరిగితే ప్రొటీన్ చచ్చిపోతుంది, ఎండోటాక్సిన్ అనే బ్యాక్టీరియా విషం చెక్కుచెదరదు. మరిగించినది కూడా పనిచేస్తోందంటే ఆ ఘనత ఇంటర్‌ఫెరాన్‌ది కాదు, సీసాలో చేరిన మలినానిది. మోనోసైట్లు ఎండోటాక్సిన్‌ను అతి కొద్ది మోతాదులోనే పసిగడతాయి.

మోనోసైట్లు ప్లాస్టిక్‌కు అతుక్కుంటాయి. ట్రిప్సిన్ జోలికి పోవద్దు, అది రిసెప్టర్లనే కోసేస్తుంది. చల్లటి ఈడీటీఏ బఫర్ పోసి, ఐస్ మీద పెట్టి, నెమ్మదిగా వదిలించండి. అక్కడి నుంచి యాంటీబాడీ వేసి చీకట్లో ఉంచే అరగంట దాకా అంతా 4 డిగ్రీల్లోనే జరగాలి, లేకపోతే రిసెప్టర్ యాంటీబాడీతో సహా లోపలికి పోతుంది. చచ్చిన కణాలను పట్టే రంగు కూడా వేయండి. అవి దేన్నైనా అంటించుకుంటాయి.

కణాల వెలుగును ఒక్కొక్కటిగా కొలిచే ఫ్లో సైటోమీటర్ దగ్గర రెండు గుంటలున్నాయి. ఒకటి, సీడీ14 అనే గుర్తుతో మోనోసైట్లను గుర్తించడం. ఐఎల్-4 అనే మరో సైటోకైన్ వేసిన ట్యూబులో సీడీ14 తానే తగ్గిపోతుంది, చాలా కణాలు మీ గేటు (కణాలను ఎంచుకునే హద్దు) దాటి పోతాయి. సీడీ33 అనే మరో గుర్తు కూడా చూసుకోండి. రెండోది, శాతం లెక్క. మామూలు మోనోసైట్ మీద సీడీ64 ముందే ఉంటుంది కాబట్టి అంతకుముందూ ఆ తర్వాతా దాదాపు అన్నీ పాజిటివే. చూడాల్సింది మీడియన్ వెలుగు. న్యూట్రోఫిల్స్ అనే మరో రకం తెల్ల రక్తకణాల సంగతి వేరు. వాటిమీద మొదట్లో దాదాపు ఉండదు, అక్కడ శాతానికి అర్థం ఉంది.

పెరిగింది సరే, ఎక్కడినుంచి వచ్చింది? న్యూట్రోఫిల్ మీద సీడీ11బీ అనే రిసెప్టర్ నిమిషాల్లో పెరుగుతుంది. అది లోపలి సంచుల్లో దాచిన సరుకు. సీడీ64 గంటలు తీసుకుంటుంది. జాక్1, జాక్2, స్టాట్1 అనే ప్రొటీన్ల దారిలో జన్యువు దాకా కబురు వెళ్లి కొత్తగా తయారవ్వాలి. ప్రొటీన్ తయారీని ఆపే సైక్లోహెక్సిమైడ్ వేస్తే తేడా తెలిసిపోతుంది.

తగ్గినప్పుడే అసలు తంటా. తయారీ తగ్గిందా, లోపలికి పోయిందా, తెగి ఊడిపోయిందా? టీ కణం మీద ఐఎల్-7 అనే సైటోకైన్ తన సొంత రిసెప్టర్‌నే తగ్గిస్తుంది. ఎల్-సెలెక్టిన్ అనే రిసెప్టర్‌ను ఆడమ్17 అనే ఎంజైమ్ కత్తిరించేస్తుంది. న్యూట్రోఫిల్స్‌ను మోటుగా తిప్పినా చాలు, అది రాలిపోతుంది. పైన మాత్రమే రంగు వేసిన కణాలనూ, పొరకు చిల్లులు పెట్టి లోపల కూడా వేసిన కణాలనూ పోల్చండి. పైన తగ్గి మొత్తం మారకపోతే లోపల ఉన్నట్టే. రెండూ తగ్గితే కణాలు ఉన్న ద్రవాన్ని పారబోయకుండా ప్రొటీన్‌ను కొలిచే ఎలైజా పరీక్షకు పంపండి, ఊడిన ముక్కలు అందులో దొరకవచ్చు.

బ్లాక్ వేసి మళ్లీ చేసినప్పుడు నా ఏడింట్లో పైన నిలిచినవి మూడే: సీడీ64, హెచ్‌ఎల్‌ఏ-డీఆర్, పీడీ-ఎల్1. మిగతా నాలుగు గీతలూ బుద్ధిగా కంట్రోల్ మీద పడుకున్నాయి.