ఇంట్లో గూడ్సు బండి పట్టా తప్పకుండా నడవాలంటే

కావలిలో మా మిద్దె మీది గదిలో పన్నెండు అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు బల్ల మీద ఒక రైల్వే లైను ఉంది. హెచ్‌ఓ స్కేలు. అంటే అసలు బండిలో 87వ వంతు, పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. బిట్రగుంటను మనసులో పెట్టుకుని కట్టిన స్టేషను, ఒక లూప్ లైను (ఒక బండి పక్కకు తప్పుకుని నిలబడే లైను), నాలుగు లైన్ల యార్డు, కృష్ణపట్నం రేవు నుంచి వస్తున్నట్టు ఒక బొగ్గు రేకు, అంటే ఒకటిగా కట్టిన వ్యాగన్ల వరస. ఆవిరి ఇంజన్ల కాలంలో బిట్రగుంట అంటే లోకో షెడ్డు, పెద్ద యార్డు. మా వైపు వాళ్లకు రైలు అంటే ముందు గుర్తొచ్చే ఊరు అదే.

మూడు పెట్టెల ప్యాసింజరు మొదటి రోజే చక్కగా తిరిగింది. గూడ్సును దారికి తేవడానికి మాత్రం రెండు నెలలు పట్టింది. కారణం వెతికితే తేలికే. ఒక్కో వ్యాగన్‌కు ఎనిమిది చక్రాలు. ఇరవై వ్యాగన్లు కడితే 160 చక్రాలు ప్రతి అతుకునూ, ప్రతి పాయింటునూ (లైను రెండుగా చీలే చోటు) దాటాలి. ప్యాసింజరుకు తెలియని లోపం గూడ్సుకు తెలుస్తుంది. ఇంట్లో లైను వేసుకుని గూడ్సు దగ్గర ఆగిపోయిన వాళ్ల కోసం, నేను పాటించే పద్ధతి మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

పడగానే ఎత్తి పెట్టొద్దు

బండి పట్టా తప్పగానే చెయ్యి దానంతట అదే ముందుకు పోతుంది. ఆపుకోండి. ముందు కరెంటు ఆపి రెండు విషయాలు చూడండి: ఏ చోట పడింది, ఏ వ్యాగన్ పడింది. ప్రతి వ్యాగన్ అడుగున చిన్న బ్రష్షుతో తెల్ల రంగు నంబరు వేయండి. బల్ల అంచున ప్రతి అడుగుకూ ఒక గుర్తు పెట్టండి. పక్కన ఒక నోటు పుస్తకం. పడిన ప్రతిసారీ ఒక లైను రాయండి: "7వ నంబరు, 14వ గుర్తు, ముందు బోగీ, ఇంజను లాగుతోంది." బోగీ అంటే ఇక్కడ పెట్టె కాదు, వ్యాగన్ అడుగున నాలుగు చక్రాలుండే చట్రం.

పది లైన్లు రాసేసరికి విషయం తేలిపోతుంది. ఒకే చోట వేర్వేరు వ్యాగన్లు పడుతుంటే తప్పు పట్టాది. ఎక్కడ పడినా ఎప్పుడూ ఒకే వ్యాగన్ అయితే తప్పు వ్యాగన్‌ది. ఒక వ్యాగన్ ఒక్క చోటే పడుతుంటే రెండింట్లోనూ కొంచెం కొంచెం ఉంది, రెండూ చూడాలి. వేర్వేరు వ్యాగన్లు, అది కూడా మలుపుల్లోనే, రేకు నడుమనే పడుతుంటే బరువులో తేడా ఉంది. ఈ నాలుగింట్లో మనది ఏదో తెలియకుండా స్క్రూడ్రైవర్ పట్టుకుంటే బాగున్నది కూడా చెడుతుంది. నేను అలా రెండు మంచి పాయింట్లు పాడుచేసుకున్నాను.

రేకు పొడవు

బొగ్గు మోసే, పైకప్పు లేని అసలు బాక్స్‌ఎన్ వ్యాగన్ కప్లింగుతో కలిపి 10.7 మీటర్లు. మన స్కేలులో 12.3 సెంటీమీటర్లు. పూర్తి రేకు అంటే 58 వ్యాగన్లు, ఇంట్లో ఏడు మీటర్లు దాటుతుంది. ఆ ఆశ వదిలేసి, మీ లూప్ లైను ఎంత పొడవుందో కొలవండి. మాది మూడు మీటర్లు. 24 సెంటీమీటర్ల ఇంజను, రెండున్నర మీటర్ల ఇరవై వ్యాగన్లు, చివర గార్డు ఉండే బ్రేక్ వ్యాను. అంతకు ఒక్క వ్యాగన్ ఎక్కువైనా తోక మెయిన్ లైను మీద ఉండిపోయి, ఎదురు బండి ఆగిపోవాలి. అసలు రైల్వేలోనూ గూడ్సు పొడవును నిర్ణయించేది లూప్ లైనే.

వ్యాగన్‌ను బల్ల మీద చూడటం

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. నా లెక్కలో పట్టా తప్పడాల్లో సగానికి పైగా ఇక్కడే తీరిపోయాయి.

మొదట తూకం. అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ హెచ్‌ఓ స్కేలుకు ఒక లెక్క చెప్పింది: మొదట 28 గ్రాములు, ఆపైన పెట్టె పొడవులో ప్రతి అంగుళానికి 14 గ్రాములు. బాక్స్‌ఎన్ పెట్టె సుమారు 4.4 అంగుళాలు కాబట్టి 90 గ్రాములు రావాలి. వంటింటి డిజిటల్ కాటా చాలు. నా వ్యాగన్లలో కొన్ని 55, కొన్ని 100 గ్రాములు తూగాయి. అలాంటి రేకు మలుపులో నిలవదు. తక్కువున్న వాటిలో సీసం గుళ్లు వేశాను. సముద్రం పక్క ఊళ్లలో వలలకు కట్టే గుళ్లే ఇవి, సులువుగా దొరుకుతాయి. సరిగ్గా నడుమ, వీలైనంత అడుగున అతికించండి. తెల్ల జిగురు మాత్రం వాడొద్దు. సీసంతో కలిస్తే కొన్నాళ్లకు ఉబ్బి వ్యాగన్ గోడలు పగలగొడుతుంది. రెండు ట్యూబుల ఎపాక్సీ వాడండి. సీసం విషం కాబట్టి పని అయ్యాక చేతులు సబ్బుతో కడగాలి, పిల్లల చేతికి ఇవ్వకూడదు. పిల్లలున్న ఇంట్లో ఇనుప నట్లు మేలు.

తరువాత చక్రాలు. ఒకే ఇరుసు మీది రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం హెచ్‌ఓలో సుమారు 14.4 మిల్లీమీటర్లు ఉండాలి. డిజిటల్ వెర్నియర్‌తో కొలిచి, ఇరుసును అర చుట్టు తిప్పి మళ్లీ కొలవండి. రెండు కొలతలూ వేరైతే చక్రం వంకరగా కూర్చుంది.

మా 7వ నంబరు వ్యాగన్ యార్డు పాయింటు దగ్గర రోజూ పడేది. మిగతావన్నీ అదే పాయింటు మీద హాయిగా పోయేవి. ఒక సాయంత్రం ఫోను పట్టాల ఎత్తులో ఆనించి, స్లో మోషన్‌లో వీడియో తీశాను. కంటికి కనపడనిది అందులో కనపడింది. ముందు బోగీ రెండో ఇరుసు చెక్ రైలు (పాయింటులో చక్రాన్ని దారిలో ఉంచే లోపలి పట్టా) దగ్గరికి రాగానే చక్రం అంచు దాన్ని రాసుకుని, వెంట్రుక మందం పైకి లేచి, అలాగే ఒక సెంటీమీటరు గాల్లో పోయి, అవతల స్లీపర్ల మీద దిగింది. కొలిస్తే 13.9. అర మిల్లీమీటరు తక్కువ. రెండు చక్రాలనూ వేళ్లతో పట్టుకుని, మెలితిప్పుతూ బయటికి లాగితే రెండు నిమిషాల్లో సరిపోయింది. నెల రోజులుగా పాయింటును అనుమానిస్తూ వచ్చాను!

ఇక బోగీ స్క్రూలు. వ్యాగన్‌ను అద్దం ముక్క మీద పెట్టండి. ఎనిమిది చక్రాలూ అద్దాన్ని తాకాలి. ఒక బోగీ స్క్రూను, బోగీ పక్కలకు మాత్రమే తిరిగేంత బిగించండి. రెండో దాన్ని ఇంకొంచెం వదులుగా ఉంచండి, అది పక్కలకు తిరగడమే కాక కొంచెం ఊగాలి కూడా. ముక్కాలి పీట నేల ఎలా ఉన్నా కదలకుండా నిలబడుతుందే, ఇదీ అదే సూత్రం. రెండూ బిగిస్తే చిన్న ఎగుడుదిగుడుకే ఒక చక్రం లేచిపోతుంది.

చివరగా దొర్లింపు. ఒక మీటరు పట్టా ముక్కను చెక్కకు బిగించి, ఒక కొసను రెండు సెంటీమీటర్లు ఎత్తండి. వ్యాగన్ దానంతట అది దొర్లాలి. కదలకపోతే ఇరుసు కొసల్లో చూడండి. మా ఇంట్లో ఎక్కువసార్లు దొరికింది వెంట్రుక, దుప్పటి పోగు. పట్టకారుతో లాగితే వస్తుంది. నూనె వేయొద్దు, దుమ్ము పట్టి మరింత బిగుస్తుంది.

కప్లింగులన్నీ ఒకే ఎత్తులో ఉండాలి. నకిల్ కప్లర్లకు (ముడిచిన వేళ్లలా ఒకదాన్నొకటి పట్టుకునే కప్లింగులు) పట్టా పైనుంచి కప్లర్ నడుముకు దాదాపు 10 మిల్లీమీటర్లు. దారి మధ్యలో రేకు రెండుగా విడిపోతుంటే మొదటి అనుమానం దీని మీదే.

ఇంజను ఎంత లాగుతుంది?

దారం ఒక కొసను ఇంజనుకు, ఇంకో కొసను అరకిలో బరువుకు కట్టి, నడుమ చిన్న గిలక మీదుగా వేయండి. బరువు కాటా మీద కూర్చోవాలి. ఇంజను జారేదాకా నడిపితే కాటాలో ఎంత తగ్గిందో అదే దాని లాగుడు శక్తి. అన్ని చక్రాలూ తిరిగే ఇంజను సాధారణంగా తన బరువులో అయిదో వంతు లాగుతుంది. నా 400 గ్రాముల ఇంజనుకు 80 వచ్చింది.

ఇప్పుడు లెక్క వేయండి. ఇరవై వ్యాగన్లు, ఒక్కోటి 90 గ్రాములు, మొత్తం 1800. సమంగా ఉన్న పట్టా మీద నూటికి రెండు చొప్పున 36 గ్రాములు లాగాలి. యాభైకి ఒకటి ఎక్కుడు (యాభై సెంటీమీటర్లు పోతే ఒక సెంటీమీటరు ఎత్తు) ఉంటే ఇంకో 36. ఇంజను తనను తాను ఎక్కించుకోవడానికి 8. మొత్తం 80. అంటే తిన్నని ఎక్కుడులో ఎలాగో పోతుంది, మలుపు రాగానే చక్రాలు అక్కడికక్కడే తిరుగుతాయి. మా దగ్గర జరిగిందీ అదే. మోటారు పాడైందేమోనని ఎంత టెన్షన్ పడ్డానో! ఎక్కుడును వందకు ఒకటి చేస్తే అదే బండి 58 గ్రాములతో పోయింది.

చోటు చాలక ఎక్కుడు తగ్గించలేకపోతే రెండో ఇంజను కట్టండి. రెండూ ఒకే వేగంతో తిరుగుతున్నాయో లేదో ముందు విడివిడిగా నడిపి చూడాలి. 2022 ఆగస్టు 15న నడిపిన సూపర్ వాసుకి గూడ్సుకు 295 వ్యాగన్లు, 6 ఇంజన్లు. వాటిని రేకు పొడవునా అక్కడక్కడా పెట్టారు. అన్నీ ముందే ఉంటే మొదటి కప్లింగు మీదే మొత్తం భారం పడుతుంది. ఇంట్లోనూ పొడవైన రేకుకు రెండో ఇంజనును నడుమ పెడితే మలుపులో తేలిక వ్యాగన్లు లోపలికి ఒరగడం తగ్గుతుంది.

బరువైన వ్యాగన్లు ముందు, తేలికవి వెనుక. ఖాళీ వ్యాగన్ ఇంజను పక్కన, నిండువి వెనుక ఉంటే మలుపులో రేకు తాడులా బిగిసి ఆ ఖాళీదాన్ని లోపలికి పడేస్తుంది. వెనక్కి నెట్టేటప్పుడు ఇదే బయటి వైపుకు జరుగుతుంది. మలుపు వ్యాసార్ధం మీ దగ్గరున్న అతి పొడవైన బండికి మూడు రెట్లుంటే ఇబ్బంది ఉండదు. 24 సెంటీమీటర్ల ఇంజనుకు 72 సెంటీమీటర్లు.

పట్టా వైపు తప్పయితే

వేలి గోరును ప్రతి అతుకు మీదుగా రెండు వైపులకూ లాగండి. ఎక్కడ తగులుతుందో అక్కడ చక్రమూ తగులుతుంది. సన్నటి ఆకురాయితో అంచు నునుపు చేస్తే చాలు. మలుపులో అతుకు కోణంలా విరిగితే దాన్ని విప్పి మళ్లీ వేయడం తప్ప వేరే దారి లేదు. వంగే పట్టాలను తిన్నగా ఉన్నప్పుడే అతికి టంకం వేసి, తరువాత వంచితే ఆ బాధ రాదు.

బల్ల మట్టం చూడటానికి మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబును మించింది లేదు. రెండు కొసలూ లైనుకు రెండు వైపులా పట్టుకుంటే ఎక్కడ దిగిందో ఇట్టే తెలుస్తుంది.

మన కోస్తాలో ఇంకో సంగతి ఉంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల వానకు ప్లైవుడ్ ఉబ్బుతుంది. మే నెలలో మిద్దె గది కాగిపోతుంది. పది మీటర్ల నికెల్ సిల్వర్ పట్టా ఇరవై డిగ్రీలు వేడెక్కితే మూడు మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. అతుకులన్నీ టంకం వేసేస్తే ఆ సాగుడు పోవడానికి చోటుండదు, పట్టా పక్కకు పొంగుతుంది. రెండు మీటర్లకు ఒక అతుకు వదులుగా ఉంచండి, రెండు వైపులా విడివిడిగా కరెంటు తీగ ఇవ్వండి. ప్లైవుడ్‌కు అడుగున, అంచులకు కూడా రంగు వేయండి. చాలామంది పైన మాత్రమే వేసి వదిలేస్తారు.

2019లో ఓబులవారిపల్లె–వెంకటాచలం లైను తెరిచాక, రాపూరు దగ్గర వెలిగొండల్లోని ఆ పొడవాటి సొరంగాన్ని చూసి నేనూ ఒకటి కట్టాను. బండి సరిగ్గా అందులోనే పడింది, చెయ్యి దూరలేదు. కొండ వెనుక వైపు తెరిచి ఉంచండి, సొరంగం లోపల అతుకు గానీ పాయింటు గానీ పెట్టొద్దు.

కరెంటు

ఇంజను ఒకేచోట తడబడి సాగితే మురికి. పట్టాలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడవండి. అప్పుడు కరెంటు ఆపి, కిటికీలు తీసి ఉంచాలి, అది మండుతుంది. గరుకు కాగితం వాడితే గీతలు పడి మురికి ఇంకా పడుతుంది. వ్యాగన్లకు ప్లాస్టిక్ చక్రాలుంటే లోహపువి మార్చండి, మురికి పూసుకుపోవడం తగ్గుతుంది.

కంట్రోలర్‌కు దూరమయ్యే కొద్దీ బండి నెమ్మదిస్తే తీగలు చాలలేదని అర్థం. ఉప్పుగాలికి, పట్టాలను కలిపే ఫిష్‌ప్లేట్లు తొందరగా నల్లబడతాయి, వాటి మీద ఆధారపడొద్దు. బల్ల కింద 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ ఒక జత లైను పొడవునా వేసి, ప్రతి మీటరుకూ సన్న తీగలతో పట్టాలకు టంకం వేయండి. బండి నడుస్తుండగా మల్టీమీటరుతో చివర ఓల్టేజీ చూడండి.

నడపడం

గూడ్సును గూడ్సులా నడపాలి. గంటకు 60 కిలోమీటర్లంటే మన స్కేలులో ఒక మీటరు దాటడానికి అయిదు సెకన్లకు పైగా పట్టాలి. గడియారం చూసి నాబ్ మీద గుర్తు పెట్టుకోండి. బయల్దేరేటప్పుడు కప్లింగులు ఒక్కొక్కటిగా బిగుసుకునేదాకా ఆగి, తరువాతే వేగం పెంచండి. ఒక్కసారిగా ఆపితే వెనుక బరువంతా ముందుకు తోసుకొచ్చి, పాయింటు మీదున్న వ్యాగన్‌ను ఎత్తిపడేస్తుంది.

అన్నీ సరిచేశాక ఒక పరీక్ష పెట్టండి. ఇరవై వ్యాగన్లనూ వెనక్కి నెడుతూ యార్డులోని నాలుగు లైన్లలోకీ నెమ్మదిగా పంపండి, బ్రేక్ వ్యాను ముందు పోవాలి. లాగేటప్పుడు దాగిన తప్పులు నెట్టేటప్పుడు బయటపడతాయి. మాది 14వ గుర్తు దగ్గర ఇంకా ఒక్కోసారి తడబడుతుంది. ఈ వాన తగ్గాక అక్కడి బల్ల అతుకు విప్పి చూడాలి.