ఇంట్లో ఉండమన్నారు సరే, కాగితం ఏది?

పోయిన వారం ఒకాయన మస్టర్ (హాజరు పట్టీ) జిరాక్స్ పట్టుకుని మా యూనియన్ ఆఫీసుకి వచ్చాడు. కిడ్నీ మార్పిడి అయిన మనిషి, ఫార్మా కంపెనీలో ఆపరేటర్. కోవిడ్ కేసులు మళ్లీ వస్తున్నాయని వినగానే సూపర్‌వైజరే ఫోన్ చేసి "నువ్వు రాకన్నా, ఇంట్లో ఉండు, నేను చూసుకుంటా" అన్నాడట. ఈయన నమ్మి ఆగిపోయాడు. మస్టర్‌లో ఆయన పేరు ఎదురుగా వరుసగా ఏ, ఏ, ఏ, అంటే ఆబ్సెంట్. వెనకాలే అనుమతి లేని గైర్హాజరుకు సంజాయిషీ నోటీసు. ఆ సూపర్‌వైజర్ ఇప్పుడు వేరే యూనిట్‌లో ఉన్నాడు, ఫోన్ ఎత్తడం లేదు.

మాస్కులు, చేతులు కడుక్కోవడం మీకు తెలిసినవే. నేను చెప్పేది ఒక్కటే. కాగితం, అంటే డాక్టర్ సర్టిఫికెట్ గానీ రాసిచ్చిన సెలవు గానీ, లేకుండా ఇంట్లో కూర్చోకండి.

2020లోనూ మనవాళ్లు మునిగింది ఇక్కడే. లాక్‌డౌన్‌లో జీతం కోయొద్దని కేంద్ర హోం శాఖ మార్చి 29న ఆర్డర్ ఇచ్చింది. మే 18 నుంచి అది అమల్లో లేకుండా పోయింది. జీతాల సంగతి యజమానులు, కార్మికులు మాట్లాడుకుని తేల్చుకోవాలని జూన్ 12న సుప్రీంకోర్టు చెప్పింది. దీర్ఘరోగాలున్నవాళ్లు, గర్భిణులు, 65 దాటినవాళ్లు ఇంట్లోనే ఉండాలన్న సలహా మాత్రం అన్‌లాక్ మార్గదర్శకాల్లోనూ కొనసాగింది. ఉండమన్నది ప్రభుత్వమే, ఆ రోజుల జీతం ఎవరిస్తారో మాత్రం చెప్పలేదు. టీవీలో విన్న సలహానే సెలవు అనుకున్నవాళ్లు జీతం పోగొట్టుకున్నారు, కొందరు ఉద్యోగమే పోగొట్టుకున్నారు.

ఈఎస్ఐ ఉన్నవాళ్లు

జీతం నెలకు 21,000 లోపు ఉంటే ఈఎస్ఐ, అంటే చందాతో నడిచే కార్మికుల బీమా, వర్తిస్తుంది. ఆరు నెలల చందా కాలంలో 78 రోజులకు చందా కట్టి ఉంటే సిక్‌నెస్ బెనిఫిట్, అంటే జబ్బుతో పనికి పోలేని రోజులకు డబ్బు, వస్తుంది. ఏడాదికి 91 రోజుల వరకు, జీతంలో 70 శాతం. మొదటి 2 రోజులకు ఇవ్వరు. కిడ్నీ ఫెయిల్యూర్, క్యాన్సర్, టీబీ లాంటి 34 రోగాలకు 80 శాతం చొప్పున గరిష్ఠంగా 2 ఏళ్ల దాకా ఇస్తారు. దానికి 2 ఏళ్ల సర్వీసు, 156 రోజుల చందా ఉండాలి. ఉత్త షుగర్, బీపీ ఆ లిస్టులోకి రావు.

రోగం అంటుకుంటుందేమోనన్న భయానికి ఈఎస్ఐ పైసా ఇవ్వదు. ఉన్న రోగం వల్ల ఫలానా తేదీ నుంచి పనికి పోకూడదని డాక్టర్ రాయాలి. అందుకే ముందు ఈఎస్ఐ డిస్పెన్సరీ, తర్వాత ఇల్లు.

కాగితం లేకుండా కూర్చుంటే దెబ్బ అక్కడితో ఆగదు. జీతం లేని రోజులకు చందా పడదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ లోపు 78 రోజులు నిండకపోతే వచ్చే జనవరి నుంచి జూన్ దాకా నిజంగా మంచాన పడ్డా సిక్‌నెస్ బెనిఫిట్ రాదు. ఇది చాలామందికి డబ్బు అవసరం పడినప్పుడే తెలుస్తుంది.

కోవిడ్ రోజుల్లో నోటీసులకు మేం జవాబులు రాసింది ఈఎస్ఐ చట్టం 73వ సెక్షన్ పట్టుకునే. సిక్‌నెస్ బెనిఫిట్ తీసుకుంటున్న మనిషిని ఆ కాలంలో తొలగించకూడదని అందులో ఉండేది. సర్టిఫికెట్ లేనివాళ్ల విషయంలో ఆ మాట ఎత్తే వీలే లేకపోయింది.

ఇప్పుడే చేయాల్సినవి

ఈఎస్ఐ ఖాతాలో చందా రోజులు ఈ రాత్రే చూసుకోండి. కాంట్రాక్టర్ జీతంలో కోసుకుని కట్టకుండా ఎగ్గొట్టడం కొత్తేమీ కాదు.

డిశ్చార్జ్ సమ్మరీ, మందుల చీటీలు ఒకే కవర్‌లో పెట్టండి. ప్రైవేటు ఆసుపత్రి చీటీ ఒక్కటే చాలనుకోకండి, దాన్ని ఈఎస్ఐ డాక్టర్‌కి చూపించండి.

సర్టిఫికెట్ గడువు తీరకముందే తర్వాతిది తీసుకోండి. మధ్యలో ఒక్క రోజు ఖాళీ పడినా పీకులాటే.

సూపర్‌వైజర్ ఫోన్‌లో చెబితే వెంటనే వాట్సాప్ పెట్టండి: "మీరు ఈ రోజు నుంచి రావద్దన్నారు, ఇది జీతంతో కూడిన సెలవేనా?" జవాబు రాకపోతే హెచ్ఆర్‌కి ఈమెయిల్ చేయండి. దానికీ జవాబు లేకపోతే డ్యూటీకి గేటు దాకా వెళ్లండి.

షుగర్, బీపీ ఉన్నవాళ్లు ఫ్యాక్టరీలో 20 పని దినాలకు 1 రోజు చొప్పున జమయ్యే సెలవులు దాచుకోండి. పండక్కి వాడేయకండి.

జీతం 21,000 దాటినవాళ్లు కంపెనీ సెలవుల పాలసీ కాపీ ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

తెల్ల కాగితం మీద సంతకం పెట్టొద్దు.

"రాజీనామా రాసివ్వు, తగ్గాక మళ్లీ తీసుకుంటాం" అంటే రాయొద్దు. ఎంత మంచివాడు అడిగినా రాయొద్దు.

తిరిగి డ్యూటీకి వెళ్లే రోజు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇచ్చి, జిరాక్స్ మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి.